చిన్నాయన లాప్‌టాప్‌లో తలకట్టు

సెకండియర్‌లో కంప్యూటర్ ఆర్గనైజేషన్ చదివిన ప్రతివాళ్లకీ ఈ ప్రశ్న తగిలే ఉంటుంది: ఇన్‌స్ట్రక్షన్ సెట్ అంటే ఏమిటి, రిస్క్‌కీ సిస్క్‌కీ తేడాలు రాయండి. స్కేలు పెట్టి టేబుల్ గీస్తాం. ఎడమ పక్క ఐదు పాయింట్లు, కుడి పక్క ఐదు పాయింట్లు. పరీక్ష అయ్యాక ఆ టేబుల్ మళ్లీ ఎవరికీ గుర్తుండదు. కానీ ఆ టేబుల్ వల్ల సూర్యాపేటలో ఒక పెళ్లి ఆల్బమ్ నాలుగు రోజులు ఆలస్యమైంది. ఒక ముసలామె ఫోటో కింద పేరు పడేసరికి రాత్రి పదకొండు దాటింది. అందుకే ఈ సంచికకి కవిత అడిగినా ఇవ్వకుండా ఇది రాస్తున్నా. ఎడిటర్ గారు క్షమించాలి.

మా చిన్నాయనది సూర్యాపేటలో ఫోటో స్టూడియో. (పేరు రాస్తే యాడ్ అయిపోతుంది కాబట్టి రాయను.) ఆయన మొదలుపెట్టింది రీలు కెమెరాతో. 2004లో మొదటి కంప్యూటర్ కొన్నాడు, దాంట్లో ఫోటోషాప్ 7.0 వేయించాడు. ఆ సీడీ ఎక్కడిదని నేను అడగలేదు, మీరూ అడగొద్దు. 7.0 వచ్చింది 2002లో. తర్వాత ఎన్ని వెర్షన్లు వచ్చినా మా వైపు స్టూడియోల్లో ఆ అంకె ఇంటిపేరులా స్థిరపడిపోయింది. "సెవెన్ పాయింట్ జీరో వచ్చా?" అని అడిగి కుర్రాళ్లని పనిలో పెట్టుకునేవాళ్లట. చిన్నాయన కొన్నేళ్ల కింద నెలనెలా డబ్బు కట్టే ఫోటోషాప్‌కి మారాడు కానీ, వేళ్లకి అలవాటైన షార్ట్‌కట్లు మాత్రం అప్పటివే.

స్టూడియో అంటే పెళ్లిళ్లు ఒక్కటే అనుకుంటాం. పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు, ఓణీల ఫంక్షన్లు, పుట్టినరోజు ఫ్లెక్సీలు, పెద్దగట్టు జాతర వస్తే బ్యానర్లు, పోయినవాళ్ల ఫోటోలు పెద్దవి చేసి దండ వేసుకునేటట్టు ఇవ్వడం, ఇవన్నీ ఉంటాయి. అన్నిట్లో బరువైనది ఆల్బమ్. పన్నెండు అంగుళాల ఎత్తు, ముప్పై ఆరు అంగుళాల వెడల్పు షీటు. అంగుళానికి 300 చుక్కల లెక్కన 3600 ఇంటూ 10800. అంటే ఒక్క షీటుకి దాదాపు 3 కోట్ల 89 లక్షల పిక్సెళ్లు. పిక్సెల్‌కి మూడు బైట్లు వేసుకున్నా ఒక్క లేయరే 116 ఎంబీ చిల్లర. అలాంటి లేయర్లు పది, అలాంటి షీట్లు ముప్పై. ఒక్క బ్లర్ కొడితే ప్రాసెసర్ ఆ కోట్ల పిక్సెళ్ల మీద ఒకే లెక్కని మళ్లీ మళ్లీ చేయాలి. పాత డెస్క్‌టాప్‌లో బ్లర్ కొట్టి చిన్నాయన బయటికెళ్లి చాయ్ తాగి వచ్చేవాడు. ఒక్కోసారి రెండో చాయ్ కూడా అయ్యేది.

ఆ డెస్క్‌టాప్‌కి ఇంకో గండం వచ్చింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 వేద్దామంటే ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచే అధికారికంగా ఒప్పుకుంటుంది, చిన్నాయనది మూడోది. కార్తీకం ముహూర్తాలు ముందున్నాయి. హైదరాబాద్ వెళ్లి ఒక షాపులో కొత్త లాప్‌టాప్ కొనుక్కొచ్చాడు. సన్నగా ఉంది, ఫ్యాన్ చప్పుడు లేదు, పొద్దున చార్జింగ్ పెడితే రాత్రిదాకా వస్తుంది. షాపతను "ఫోటోషాప్ నడుస్తుంది సార్" అని చెప్పాడట. అబద్ధం కాదు. నడిచింది కూడా.

మిడ్ పరీక్షలయ్యాక ఇంటికెళ్లినప్పుడు దాని మీద స్టిక్కర్ చూశా. ఇంటెల్ కాదు, ఏఎండీ కాదు. స్నాప్‌డ్రాగన్.

"అదేందిరా, అది ఫోన్లల్ల కదా ఉండేది?" అన్నాడు చిన్నాయన.

"ఇప్పుడు లాప్‌టాప్‌లల్ల గూడ వస్తుంది చిన్నాయనా. పోయినేడాది నుంచి చానా కంపెనీలు అమ్ముతున్నయి."

"మరి మంచిదేనా?"

మంచిదే. దాని భాషే వేరు.

రెండు అంకెలు కూడమని ఇంటెల్ చిప్‌కి చెప్పే బైట్లు వేరు, ఆర్మ్ చిప్‌కి చెప్పే బైట్లు వేరు. ఇంటెల్, ఏఎండీలు వాడే ఎక్స్86లో ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ ఒక బైటు నుంచి పదిహేను బైట్ల దాకా ఎంతైనా ఉండొచ్చు. 64 బిట్ ఆర్మ్‌లో ప్రతిదీ సరిగ్గా నాలుగు బైట్లు. మొదటిది పల్లెవెలుగు బస్సు, ఎవరు ఎంత చోటు ఆక్రమిస్తారో ఎక్కాక గానీ తెలియదు. రెండోది రిజర్వేషన్ బస్సు, సీటుకి సీటు కొలత. ఆర్మ్ నిన్నమొన్నటిది కూడా కాదు. కేంబ్రిడ్జ్‌లో ఏకార్న్ అనే కంపెనీలో సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ డిజైన్ చేసిన మొదటి ఆర్మ్ చిప్ 1985 ఏప్రిల్‌లో పనిచేసింది. మన నాన్నలు పలకా బలపం పట్టుకుని బడికెళ్లే రోజులు. అక్కణ్ణుంచి అది ఫోన్లలో పెరిగి పెద్దదై ఇప్పుడు స్టూడియో టేబుల్ మీదికొచ్చింది.

పాత భాషలో ఉన్న ప్రోగ్రాములు కొత్త చిప్ మీద నడవాలంటే మధ్యలో దుబాసీ కావాలి. విండోస్‌లో ఆ దుబాసీ పేరు ప్రిజం, 2024లో వచ్చింది. అంతకుముందువీ ఉన్నాయి కానీ నెమ్మది. ఎక్స్86 కోడ్‌ని ముక్కలు ముక్కలుగా తీసుకుని ఆర్మ్‌లోకి తిప్పి, తిప్పినదాన్ని దాచుకుని, మళ్లీ అవసరమైతే దాచినదే వాడుతుంది. కూడికలూ తీసివేతలూ తిప్పడం పెద్ద కష్టం కాదు. అసలు చిక్కు మెమరీ దగ్గర. ఒక కోర్ రాసిన రెండు విలువలు ఇంకో కోర్‌కి ఏ వరసలో కనపడాలి అన్న విషయంలో ఎక్స్86 చాలా చాదస్తం, రాసిన వరసలోనే కనపడాలంటుంది. ఆర్మ్‌కి అంత పట్టింపు లేదు, మనం ప్రత్యేకంగా అడిగితే తప్ప. కాబట్టి దుబాసీ ప్రతిచోటా జాగ్రత్తలు చేరుస్తూ పోవాలి, దాంతో వేగం పడిపోతుంది. ఆపిల్ వాళ్లు తమ ఎమ్1 చిప్‌లోనే ఇంటెల్ వరస పాటించే ఒక మోడ్ పెట్టేశారు. దుబాసీకి పని తగ్గించడానికి చిప్‌నే కాస్త మార్చారన్నమాట. ఈ సంగతి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మా రూమ్మేట్‌కి చెప్తే "ఐతే?" అన్నాడు.

ఫోటోషాప్‌కి మటుకు దుబాసీ అక్కర్లేదు. విండోస్ ఆర్మ్‌కి అడోబీ 2021లోనే సొంత వెర్షన్ ఇచ్చింది. చిన్నాయన లాప్‌టాప్‌లో అదే దిగింది. మొదటి రోజు బ్లర్ కొట్టి, లేవబోయి, అయిపోవడం చూసి మళ్లీ కూర్చున్నాడట. "చాయ్ గూడ తాగనియ్యలే" అని నాతో అన్నాడు. సంతోషం ఆ ఒక్క రోజే.

మర్నాడు ఫిల్టర్ మెనూలో చర్మం నునుపు చేసే ప్లగిన్ కనపడలేదు. ప్లగిన్ అంటే ఫోటోషాప్ తన ఇంట్లోకే పిలిచి కూర్చోబెట్టుకునే చుట్టం. ఒకే ప్రాసెస్ లోపల ఉండాలి కాబట్టి ఇద్దరిదీ ఒకటే భాష కావాలి. ఇంటాయన ఆర్మ్, చుట్టం ఎక్స్86. గుమ్మం దగ్గరే ఆగిపోయింది. తర్వాత ఫోటో ప్రింటర్. డ్రైవర్ అనేది విండోస్ లోపలికే వెళ్లి కూర్చునే కోడ్, అక్కడ దుబాసీ ఉండడు. కంపెనీ వాళ్లే ఆర్మ్‌కి డ్రైవర్ రాసి ఇవ్వాలి. ఏడెనిమిదేళ్ల పాత ప్రింటర్‌కి ఎవరు రాస్తారు?

మూడోదే అసలుది. తెలుగు.

మన డీటీపీ తెలుగుకి ఒక చరిత్ర ఉంది. యూనికోడ్‌లో తెలుగు 1991లోనే చేరింది, కానీ ఫోటోషాప్, పేజ్‌మేకర్‌లాంటివి చాలా ఏళ్లు దాన్ని సరిగ్గా చూపించలేకపోయాయి. క్ష అంటే క, ష విడివిడిగా పడేవి, ఒత్తులు పక్కకి జారేవి. అందుకని మనవాళ్లు ఇంకో దారి కనిపెట్టారు. ఇంగ్లీష్ ఫాంట్‌లో ఏ, బీ, సీలు ఉండే గదుల్లోనే తెలుగు అక్షరాల ముక్కలు నింపారు. ఒక గదిలో తలకట్టు, ఒక గదిలో గుడి, ఒక గదిలో య ఒత్తు. ఫోటోషాప్‌కి అది ఇంగ్లీషే, మన కంటికి తెలుగు. ఏ కీ నొక్కితే ఏ ముక్కలు ఏ వరసలో పడాలో చూసుకోవడానికి కీబోర్డ్‌కీ ఫోటోషాప్‌కీ మధ్య ఒక చిన్న సాఫ్ట్‌వేర్ నిలబడుతుంది. ఆలోచించి చూస్తే అదీ దుబాసీయే. రెండు తెలుగు రాష్ట్రాల్లో పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు, కరపత్రాలు ఎన్నో ఇలా తయారైనవే.

చిన్నాయన వాడే ఆ సాఫ్ట్‌వేర్ 32 బిట్ కాలంది. కొత్త లాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ అయింది. కింద మూల బొమ్మ కూడా వచ్చింది. కానీ అది పనిచేయాలంటే తన చిన్న ముక్క ఒకటి ఫోటోషాప్ లోపలికి పంపాలి. మళ్లీ అదే గుమ్మం, అదే సమస్య. ఫాంట్లు మాత్రం ఏ చిప్ మీదైనా పనిచేస్తాయి, ఎందుకంటే ఫాంట్ ప్రోగ్రామ్ కాదు, గీతల లెక్కల డేటా. కాబట్టి చిత్రమైన పరిస్థితి: పాత డిజైన్లలో ఉన్న తెలుగు చక్కగా కనిపిస్తోంది. కొత్తగా ఒక కీ నొక్కితే మాత్రం తలకట్టు ఒక్కటే వచ్చి గాల్లో వేలాడుతోంది. కింద అక్షరం లేని తలకట్టు. చిన్నాయన దాన్ని నాకు చూపించి, "టోపీ వచ్చింది, మనిషి రాలే" అన్నాడు.

పెళ్లి ఆల్బమ్ ఆగింది ఇక్కడే. పెళ్లికూతురు తండ్రి రెండుసార్లు స్టూడియోకొచ్చి కుర్చీలో కూర్చుని, ఏమీ అనకుండా ఫోన్ చూసుకుని వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది. మా వీధిలో స్టూడియోలు ఇంకో నాలుగున్నాయి, సీజన్లో నాలుగు రోజులంటే చిన్న విషయం కాదు. సరే, పాత డెస్క్‌టాప్‌లో తెలుగు కొట్టుకుందామంటే సరిగ్గా అప్పుడే దాని ఎస్‌ఎంపీఎస్ కాలిపోయింది. కొత్తది తెప్పించడానికి రెండు రోజులన్నారు.

ఆ రెండు రోజుల మధ్య రాత్రి ఎనిమిదింటికి ఒకాయన వచ్చాడు. సూర్యాపేట దగ్గరి పల్లె. తల్లి పోయింది, తెల్లారితే దినాలు. "అన్నా, అమ్మ ఫోటో ఒక్కటి గూడ లేదు, ఆధార్ కార్డుది తప్ప. అది చూస్తే మా అమ్మ లెక్కనే లేదు" అన్నాడు. ఆధార్ ఫోటోలో మనమెవరం మన లెక్క ఉండమనుకోండి.

చిన్నాయన కాసేపు ఆలోచించి, "మీ అన్న కొడుకు పెండ్లి మనమే తీసినం గద తమ్మీ? 2009ల?" అన్నాడు. నాకు మా సెక్షన్‌లో అందరి పేర్లూ తెలియవు, ఈయనకి పదహారేళ్ల కిందటి పెళ్లి గుర్తుంది. డెస్క్‌టాప్ హార్డ్ డిస్క్ బయటికి తీసి, కేబుల్‌తో లాప్‌టాప్‌కి పెట్టాం. 2009 ఫోల్డర్. గ్రూప్ ఫోటోలో చివర, మండపం కర్ర పట్టుకుని ఆమె. ఎటో చూస్తోంది, నవ్వుతోంది. పీఎస్‌డీ ఫైలు ఏ చిప్ మీదైనా ఒకటే, 2009లో దాచిన లేయర్లన్నీ అలాగే తెరుచుకున్నాయి. ఆమెని విడదీయడం, వెనక మండపం తీసేయడం, ముఖం మీది నీడ తగ్గించడం అన్నీ కొత్త లాప్‌టాప్‌లో అరగంట పట్టాయి. పాతదాంట్లో ఐతే రెండు గంటలు. కొడుకు వెనక నిలబడి చూస్తున్నాడు. పెద్దది చేస్తున్నకొద్దీ ఆయన మాట తగ్గిపోయింది.

ఇక పేరు. ఆమె పేరు ఇక్కడ రాయను, కానీ అందులో క్ష ఉంది, దాని కింద మ ఒత్తు ఉంది. తలకట్టు టోపీలతో అయ్యే పని కాదు.

నేను విండోస్‌లోనే ఉన్న తెలుగు ఫొనెటిక్ కీబోర్డ్ ఆన్ చేశా. ఫాంట్లు కావాలి. సిలికానాంధ్ర వాళ్ల చొరవతో వచ్చి, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికేవి ఉన్నాయి కదా: మండలి, రామభద్ర, సురవరం, గిడుగు, పొన్నల. అవి దించా. చిన్నాయన నమ్మలేదు. "యూనికోడా? ఒత్తులు ఇరుగుతయిరా. నేను ఎన్నిసార్లు చూళ్లే?" ఆయన చూసింది 7.0లో. ఆయన చెప్పింది అప్పటికి నిజమే. ఇప్పటి ఫోటోషాప్‌లో దక్షిణాసియా భాషల అక్షరాలు కూర్చే ఇంజిన్ ఉంది, కొన్ని వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌కి వెళ్లి టైప్ దగ్గర దాన్ని మనమే ఎంచుకోవాలి, అంతే. ఎంచుకుని, కొత్త ఫైలు తెరిచి, రామభద్రలో ఆమె పేరు కొట్టా. క్ష పడింది, దాని కింద మ ఒత్తు పడింది, ఎక్కడ ఉండాలో అక్కడ.

చిన్నాయన స్క్రీన్ దగ్గరికి వంగి ఒత్తుని చూశాడు. జూమ్ చేసి మళ్లీ చూశాడు. "ఇది లావుగున్నది. సన్నది పెట్టు" అన్నాడు. ఒప్పుకోవడం ఆయన పద్ధతిలో అలా ఉంటుంది.

ప్రింటర్ లేదు కాబట్టి జేపెగ్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, తెలిసినాయన ల్యాబ్ షటర్ ఎత్తించి, పదకొండు దాటాక ప్రింట్ తీయించాం. ఆ కొడుకు డబ్బులెంత అని అడిగితే చిన్నాయన ఫ్రేముకి మాత్రం తీసుకున్నాడు.

ఆ రాత్రి తర్వాత నాకు ఈ ప్రాసెసర్ల గోల మీద ఆసక్తి ముదిరింది. చదివితే, ఇది చిన్నాయన ఒక్కడికొచ్చిన కష్టం కాదని తెలిసింది. ఫోటోషాప్ 1.0 వచ్చింది 1990 ఫిబ్రవరిలో, మాక్ మీద మాత్రమే. అప్పటి మాక్‌లో మోటరోలా 68000 జాతి చిప్. 1994లో ఆపిల్ పవర్‌పీసీకి మారింది, 2006లో ఇంటెల్‌కి, 2020లో సొంత ఆర్మ్ చిప్‌కి. మూడు కాపురాలు మార్చింది, ప్రతిసారీ ఫోటోషాప్ సామాను సర్దుకుని వెంట పోవాల్సి వచ్చింది. 2006 సంగతి మరీ ఘోరం. ఇంటెల్ మాక్‌లు జనవరిలో వచ్చేశాయి. ఫోటోషాప్ అప్పటిదాకా కోడ్‌వారియర్ అనే కంపైలర్‌లో కట్టేవాళ్లు, దాన్ని ఆపిల్ వాళ్ల ఎక్స్‌కోడ్‌లోకి తెచ్చుకోవాలి. ఏళ్ల తరబడి పోగైన కోడ్ అది. ఇంటెల్ మాక్ మీద సొంతంగా నడిచే సీఎస్3 వచ్చేసరికి 2007 ఏప్రిల్ అయింది. ఏడాదికి పైగా కొత్త కంప్యూటర్ కొన్న డిజైనర్లు రొసెట్టా అనే దుబాసీ మీద ఫోటోషాప్‌ని ఈడ్చుకొచ్చారు. 2020 నవంబర్‌లో ఎమ్1 వచ్చినప్పుడు మాత్రం నాలుగు నెలల్లో, 2021 మార్చికల్లా, సొంత వెర్షన్ వచ్చేసింది. అంతకుముందరి ఇంటెల్ మాక్ కంటే సగటున ఒకటిన్నర రెట్లు వేగం అని అడోబీ ప్రకటించుకుంది. ఐనా పాత ప్లగిన్లు కావాలంటే రొసెట్టాలో తెరవాల్సిందే.

సరిగ్గా అలా తెరుచుకుంటున్న మనిషిని కోదాడలో చూశా. చిన్నాయన స్నేహితుడు, నేను అన్నా అనే పిలుస్తా. డిజైనింగ్, వీడియో మిక్సింగ్ రెండూ చేస్తాడు. 2021లో ఎమ్1 మాక్ మినీ కొన్నాడు. కోదాడ సంగతి మీకు తెలుసు కదా, హైవే మీద ఇంకాస్త పోతే ఆంధ్రా. అటువైపు నుంచీ పని వస్తుంది. ఒక పార్టీ "పెండ్లి పత్రిక" అంటుంది, ఇంకో పార్టీ "శుభలేఖండీ" అంటుంది. ఆయన ఇద్దరితోనూ వాళ్ల యాసలోనే మాట్లాడతాడు, ఫోన్ పెట్టేసి నాతో మూడో యాసలో మాట్లాడాడు. ఆపిల్ వాళ్లు రెండు చిప్‌ల కోడ్ ఒకే ఫైల్లో పెట్టి ఇచ్చేదాన్ని యూనివర్సల్ బైనరీ అంటారు. కోదాడ మనుషులే యూనివర్సల్ బైనరీ అని అక్కడే కూర్చుని అనుకున్నా.

ఆయన పద్ధతి ఇదీ: మామూలు పనికి ఫోటోషాప్‌ని ఆర్మ్‌లోనే నడుపుతాడు. పాత ఆల్బమ్ ప్లగిన్ కావాల్సి వస్తే మూసేసి, రొసెట్టాలో తెరిచి, ఆ ఒక్క పని చేసుకుని, మళ్లీ మూసేస్తాడు. తెలుగు మాక్‌తో వచ్చే కీబోర్డ్‌తోనే కొడతాడు, యూనికోడ్‌లో. "మొదట్ల ఆరు నెలలు ఏడ్పొచ్చింది తమ్మీ. వేళ్లు పాత కీబోర్డే వెతుక్కునేటియి" అన్నాడు. రొసెట్టా కూడా ఎల్లకాలం ఉండదని ఆపిల్ 2025 జూన్‌లో చెప్పేసింది. మాక్ ఓఎస్ 27 దాకా మామూలుగా ఉంటుంది, ఆ తర్వాత కొన్ని పాత ఆటల్లాంటి వాటికే. ఆ ముక్క చెప్తే ఆయన తెలుసన్నట్టు తలూపి, "అప్పటిదాకా ఈ ప్లగిన్ అడిగే పెండ్లిళ్లే ఉండయిలే" అన్నాడు. ఆయన ధీమా నాకు నచ్చింది. అందరికీ ఉండేది కాదు అది.

కోదాడ నుంచి హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ వెళ్లాను. వెళ్లడానికి కారణం వేరే, మా అత్తమ్మ వాళ్లిల్లు అక్కడ. కానీ చిన్నాయన ఒకాయన అడ్రస్ చెప్పి, "ఆయన్ని గూడ చూసిరా, నీకు పనికొస్తది" అన్నాడు. మిర్యాలగూడ అంటే రైస్ మిల్లులు. ఆయన పని బియ్యం బస్తాల మీద బొమ్మలు. పాతిక కిలోల బస్తా మీద దేవుడి బొమ్మో, నెమలో, వరి కంకులో ఉంటాయి కదా, అవి. ఫోటో పని ఫోటోషాప్ 7.0లో, గీతల పని కోరెల్‌డ్రాలో. కంప్యూటర్‌లో విండోస్ ఎక్స్‌పీ. నెట్ కనెక్షన్ లేదు. అరవై దాటిన మనిషి.

"నెట్ లేకుంటే అప్‌డేట్ లేదు, అప్‌డేట్ లేకుంటే రోగం లేదు" అన్నాడు నన్ను చూసి. సైబర్ సెక్యూరిటీ సబ్జెక్ట్‌లో ఎయిర్ గ్యాప్ అని మనకి ఒక పేజీ ఉంది. ఆయన ఆ పేజీని ఒక్క వాక్యంలో తేల్చేశాడు.

ఐతే ఆయన బాధ ఇంకోటి. సాఫ్ట్‌వేర్ పాడవదు, ఇనుము పాడవుతుంది. మదర్‌బోర్డ్ పోతే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి పాతవి వెతికి తెచ్చుకుంటాడట, ఈమధ్య అవీ దొరకడం లేదు. డిస్క్ మొత్తాన్ని ఇమేజ్ తీసి వర్చువల్ మెషీన్‌లో నడిపిస్తానని చెప్పా. దానికీ లోపల ఎక్స్86 చిప్ ఉన్న కంప్యూటరే మేలు. ఆర్మ్ మీద ఎక్స్‌పీని నడపాలంటే మొత్తం ఇంటెల్ యంత్రాన్నే సాఫ్ట్‌వేర్‌లో నటించాలి, చాలా నెమ్మది. ఆయన అంతా విని, "మరి ఆ డిస్క్ ఇమేజ్ తీయి ముందు. మిగతాది నేను పోయినాక చూసుకుంటరు" అన్నాడు. తీశా. మొత్తం 74 జీబీ. అందులో ఎన్ని మిల్లుల బస్తాలున్నాయో, మూతపడిన మిల్లులవి ఎన్నో ఆయనకే తెలియాలి.

ఇప్పుడు చిన్నాయన దగ్గర ఏర్పాటు ఏమిటంటే: డెస్క్‌టాప్‌కి కొత్త ఎస్‌ఎంపీఎస్ వేయించాం. నెట్ తీసేశాం, మిర్యాలగూడ పద్ధతి. ప్రింటర్, పాత ప్లగిన్ దాంతోనే. బరువు పనులన్నీ లాప్‌టాప్‌లో. కొత్త తెలుగు యూనికోడ్‌లో, ఆయన ఇంకా రెండు వేళ్లతోనే కొడుతున్నాడు, గొణుగుతున్నాడు. ఒక్కోసారి నాకు ఫోన్ చేసి "ఋ యాడున్నది?" అంటాడు. ఋషి అనే పేరున్న పిల్లల పుట్టినరోజులు మా ఊళ్లో ఈ ఏడాది ఎక్కువయ్యాయి మరి.

పాత ఫైళ్ల పని నేను తీసుకున్నా. 2004 నుంచి ఉన్న పీఎస్‌డీలు అన్నీ అలాగే ఉంచి, ప్రతిదానికీ పక్కన లేయర్లు కలిపేసిన టిఫ్ ఒకటి. పాత ఫాంట్‌లో ఉన్న పేర్లు బయటికి కాపీ చేస్తే డాలర్ గుర్తులూ కొమ్ములున్న ఇంగ్లీష్ అక్షరాలూ వస్తాయి, వెతికితే దొరకవు. కాబట్టి చిన్నాయన స్క్రీన్ చూసి పేర్లు చదువుతాడు, నేను యూనికోడ్‌లో ఫైలు పేరుగా కొడతా. సెలవుల్లో రోజుకి ముప్పై నలభై అవుతాయి, ఇంకా ఎక్కువే కావాలి కానీ ఆయన ప్రతి ఫోటో దగ్గరా ఆగుతాడు. ఈ పిల్ల ఇప్పుడు అమెరికాల ఉన్నది. వీళ్లిద్దరు ఇప్పుడు మాట్లాడుకోరు. ఈ ముసలాయన లేడు, గీమె లేదు, ఈ ఇల్లు రోడ్డు వెడల్పుల పోయింది.

2006 ఉగాది దాకా వచ్చాం. సంక్రాంతి సెలవులు ఎన్ని రోజులిస్తారో ఎవరికైనా తెలిస్తే గ్రూప్‌లో పెట్టండి.